దరఖాస్తు సులువైంది, ఉద్యోగం కాలేదు: విశాఖ విద్యార్థులకు ఆన్‌లైన్ కెరీర్ సాయం ఎక్కడ పనిచేస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది

క్లుప్తంగా: పోర్టళ్లు వచ్చాక దరఖాస్తు పెట్టే ఖర్చు దాదాపు సున్నా అయింది. అందువల్ల దరఖాస్తుల రాశి పెరిగి, మొదటి వడపోత యంత్రం చేతికి వెళ్లింది. ఇప్పుడు విద్యార్థికి కొరతగా ఉన్నది ఉద్యోగ ప్రకటనలు కాదు. రెజ్యూమె చూసి తప్పు ఎక్కడుందో చెప్పే మనిషి, చేసిన పనికి రుజువు, వచ్చిన ఆఫర్ అసలైనదో కాదో తేల్చుకునే పద్ధతి. విశాఖలో ఉద్యోగాలు నాలుగైదు వేర్వేరు దారుల్లో వస్తాయి. ఒక్క పోర్టల్‌ను నమ్ముకుంటే అందులో చాలావరకు కనపడవు.

నోటీసు బోర్డు పోయి నోటిఫికేషన్ వచ్చింది

ఒకప్పుడు విశాఖలో డిగ్రీ విద్యార్థికి ఉద్యోగ సమాచారం మూడు చోట్ల దొరికేది: కాలేజీ నోటీసు బోర్డు, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ, ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల గోడలు. ద్వారకానగర్ అలాగే ఉంది. పౌర గ్రంథాలయంలో పొద్దున్నే సీటు పట్టుకునే పోటీ పరీక్షల అభ్యర్థులూ అలాగే ఉన్నారు. మిగతాదంతా ఫోన్‌లోకి వెళ్లిపోయింది. 2015 జులైలో కేంద్ర కార్మిక శాఖ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ తెచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దీనికి అనుబంధంగా మోడల్ కెరీర్ సెంటర్ కూడా నడుస్తోంది. 2017 జులైలో ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చింది. నౌకరీ, లింక్డిన్, ఇంటర్న్‌శాల వంటి ప్రైవేటు వేదికలు సరేసరి.

దరఖాస్తును పోస్టులో పంపే రోజుల్లో ఒక్కోదానికి ఫొటోలు, జిరాక్సులు, అటెస్టేషన్, రిజిస్టర్డ్ పోస్టు ఖర్చు పడేది. అందుకే సరిపడని ఉద్యోగానికి ఎవరూ పెట్టేవారు కాదు. ఇప్పుడు ఒక సాయంత్రం కూర్చుంటే యాభై చోట్ల బటన్ నొక్కొచ్చు. అందరూ అదే చేస్తారు గనుక ఒక చిన్న ఉద్యోగానికి కూడా వేలల్లో వస్తాయి. చదివే మనుషులు మాత్రం ఇద్దరు ముగ్గురే. దాంతో కంపెనీలు ముందుగానే కొన్ని గీతలు గీస్తాయి: పాసైన సంవత్సరం, పదో తరగతి నుంచి డిగ్రీ దాకా 60 శాతం, బ్యాక్‌లాగ్‌లు లేకపోవడం, ఫలానా పదాలు రెజ్యూమెలో ఉండటం. గీత దాటనివి ఎవరి కంటా పడవు.

రెండు వందల చోట్ల పెట్టినా జవాబు రాని విద్యార్థి తనకు పనితనం లేదనుకుంటాడు. చాలాసార్లు అతన్ని ఎవరూ చూడనే లేదు. చూసి వద్దనుకోవడం వేరు, చూడకపోవడం వేరు. కాలేజీలో ఉద్యోగాల సాయం చూసే కెరీర్ సెల్ మొదట తేల్చాల్సింది ఈ రెంటిలో ఏది జరిగిందనేదే. అది చేయకుండా వాట్సాప్ గ్రూపులో రోజుకు పాతిక ఉద్యోగ లింకులు పంపడం సాయం చేసినట్టు కనిపిస్తుంది, కానీ ఉన్న రద్దీని ఇంకాస్త పెంచుతుంది.

విశాఖలో ఏ ఉద్యోగం ఏ తలుపు గుండా వస్తుంది

పెద్ద ఐటీ కంపెనీలు కొత్తవారిని ఎక్కువగా ఆన్‌లైన్ పరీక్షలతో, క్యాంపస్ డ్రైవ్‌లతో తీసుకుంటాయి. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ విశాఖ కార్యాలయం తెరవడం, 2025లో టీసీఎస్‌కు భూమి కేటాయింపు, అదే ఏడాది గూగుల్ డేటా సెంటర్ ప్రకటన రావడంతో ఈ తలుపు మీద ఆశలు బాగా పెరిగాయి. ఇక్కడ ఒక్క మాట. డేటా సెంటర్ అంటే వేలమంది కూర్చుని కోడ్ రాసే ఆఫీసు కాదు. కట్టేటప్పుడు చాలామంది కావాలి. నడిపేటప్పుడు కావలసింది తక్కువమంది, అదీ కరెంటు సరఫరా, కూలింగ్, నెట్‌వర్క్, భద్రత తెలిసినవారు. ఈ వార్త చూసి ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లు సంతోషించడానికి ఎక్కువ కారణం ఉంది.

పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం వైపు యూనిట్ల దారి వేరు. క్వాలిటీ కంట్రోల్, ప్రొడక్షన్ ఉద్యోగాలకు వాక్-ఇన్ ఇంటర్వ్యూలు మామూలు. ఫలానా రోజున సర్టిఫికెట్లు పట్టుకుని రమ్మంటారు. ఆ ప్రకటన పెద్ద పోర్టల్‌లో కన్నా పూర్వ విద్యార్థుల గ్రూపులోనే ముందు కనిపిస్తుంది. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ విద్యార్థికి పూర్వ విద్యార్థుల జాబితా విలువైనది కావడానికి కారణం ఇదే.

స్టీల్ ప్లాంటు, హెచ్‌పీసీఎల్ వంటి ప్రభుత్వ రంగ సంస్థల్లో శాశ్వత కొలువుకు నోటిఫికేషన్ రావాలి. అయితే డిగ్రీ, డిప్లొమా పాసైనవారిని ఏడాది పాటు అప్రెంటిస్‌గా తీసుకునే దారి ఒకటి ఉంది. దానికి నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్ పోర్టల్‌లో ముందే నమోదై ఉండాలి. ప్రకటన వచ్చాక నమోదుకు కూర్చుంటే ప్రొఫైల్ ఆమోదం పొందేలోపు గడువు దాటిపోతుంది. ఒకసారి అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవారికి మళ్లీ అవకాశం ఉండదు గనుక దొరికిన మొదటిదానికి తొందరపడకపోవడమూ మంచిదే.

పోర్టు చుట్టూ ఉండే సీహెచ్‌ఏ (సరుకుల కస్టమ్స్ పని చూసే ఏజెంట్లు) ఆఫీసులు, షిప్పింగ్, గోదాము సంస్థలు బీకాం వాళ్లను తీసుకుంటాయి. ఇవి చాలావరకు నోటిమాట మీద నడుస్తాయి. ఏ యాప్‌లో వెతికినా పెద్దగా తగలవు. కాలేజీ వాళ్లే ఫోన్ చేసి అడగాలి.

రెజ్యూమెను యంత్రం ఎలా చదువుతుంది

దరఖాస్తులను వడపోసే సాఫ్ట్‌వేర్‌ను ఏటీఎస్ అంటారు. అది రెజ్యూమెలోని అక్షరాలను వరుసగా లాగి పేరు, చదువు, నైపుణ్యాలు, అనుభవం అనే గళ్లలో పెడుతుంది. రంగుల టెంప్లేట్లతో చిక్కు ఇక్కడే వస్తుంది. ఎడమ పక్క నిలువు పట్టీలో నైపుణ్యాలు, కుడి పక్క చదువు ఉన్న రెజ్యూమె మనకు అందంగానే కనిపిస్తుంది. రెండు పట్టీలను కలిపి అడ్డంగా చదివే యంత్రానికి అది ఇలా అందుతుంది: “పైథాన్ బీఎస్సీ కంప్యూటర్స్ ఎస్‌క్యూఎల్ 2022–2025 ఎక్సెల్ 7.8”. ఇందులో 7.8 ఎక్సెల్ వెర్షనో సీజీపీఏనో ఎవరూ చెప్పలేరు. ఫోన్ నంబరును పేజీ పైన హెడర్‌లో పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని అసలు చదవవు. నైపుణ్యాన్ని అయిదు చుక్కల్లో నాలుగు నింపి చూపించే బొమ్మను అక్షరంగా తీసుకోలేవు. ఫొటో తీసి పీడీఎఫ్‌గా మార్చిన రెజ్యూమెలో, యంత్రం దృష్టిలో, ఒక్క అక్షరమూ ఉండకపోవచ్చు.

పరీక్షించడానికి డబ్బు కట్టక్కర్లేదు. పీడీఎఫ్ తెరిచి, మొత్తం ఎంచుకుని, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయాలి. అక్కడ వరుస తప్పితే యంత్రానికీ తప్పినట్టే లెక్క. అక్షరాలు అసలు రాకపోతే అది బొమ్మ. ఒకే నిలువు పట్టీ, మామూలు శీర్షికలు, పట్టికలు లేకుండా ఒక పేజీ చాలు.

యంత్రాన్ని దాటాక మనిషి చదువుతాడు. అక్కడ ఓడించేది డొల్ల వాక్యం. నమూనాలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం గురించి “హెచ్‌పీఎల్‌సీ పరిజ్ఞానం ఉంది” అనే వాక్యం కెమిస్ట్రీ వాళ్ల రెజ్యూమెల్లో సర్వసాధారణం. దాని బదులు ఏ నమూనా, సీ18 కాలమ్, 250 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. వ్యాసం, నిమిషానికి 1 మి.లీ. ప్రవాహం, ఎన్ని ఇంజెక్షన్లు అని రాస్తే చదివేవాడు ఆగుతాడు. రాసినవాడు తర్వాతి ప్రశ్నకూ సిద్ధంగా ఉండాలి. మొబైల్ ఫేజ్‌ను (కాలమ్ గుండా నడిపే ద్రావణాన్ని) 0.45 మైక్రాన్ పొరలో ఎందుకు వడకట్టారు? పంపు పీడనం ఒక్కసారిగా పెరిగితే ఏం చూస్తారు? బఫర్ నడిపాక నీళ్లున్న ద్రావణంతో కడగకుండా నేరుగా ఎసిటోనైట్రైల్ పంపితే ఉప్పు విడిపోయి దారి మూసుకుపోతుందని ల్యాబులో చెయ్యి పెట్టినవాడికి తెలుస్తుంది. వీడియో చూసినవాడికి తెలియకపోవచ్చు.

చాట్‌బాట్‌తో రాయించుకున్న రెజ్యూమెల ఇబ్బంది కూడా ఇక్కడే. భాష నున్నగా ఉంటుంది, వివరం ఉండదు. ఒకే క్లాసులో నలభై మందివి ఒకేలా వస్తాయి. చాట్‌బాట్‌తో రాయించుకోవడం కన్నా ప్రశ్నలు వేయించుకోవడం లాభం: “ఈ ప్రాజెక్టు మీద ఇంటర్వ్యూలో అడిగే పది ప్రశ్నలు వెయ్యి” అంటే బాగానే వేస్తుంది.

ఇంటిపేరు, సీజీపీఏ: చిన్నవే, కానీ ఆఫర్లు ఆగేది వీటి దగ్గరే

ఫారం “ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్” అడుగుతుంది. మన పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది. డిగ్రీ మెమోలో పొడి అక్షరంగా మారుతుంది. ఆధార్‌లో కొందరికి చివర ఉంటుంది, కొందరికి ఉండనే ఉండదు. పాన్ కార్డులో ఇంకో రకం. దరఖాస్తు రోజు ఇవేవీ అడ్డుపడవు. ఆఫర్ వచ్చాక జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో, పీఎఫ్ ఖాతా తెరిచేటప్పుడు బయటపడతాయి. అప్పటికి చేరే తేదీ రెండు వారాల్లో ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఆధార్, పాన్ సరిచేయించుకోవడం మూడో ఏడాది మొదట్లోనే చేయాల్సిన పని. రెజ్యూమెలోనూ, పోర్టళ్లలోనూ, మెయిల్ ఐడీలోనూ అదే రూపం వాడాలి.

శాతాల సంగతి ఇంకా చిక్కు. 7.2 సీజీపీఏను పదితో గుణిస్తే 72 శాతం. 9.5తో గుణిస్తే 68.4. కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఉన్నట్టు 0.75 తీసేసి పదితో గుణిస్తే 64.5. కంపెనీ గీత 65 శాతం దగ్గర ఉంటే మొదటి రెండు లెక్కల్లో లోపల, మూడో లెక్కలో బయట. ఎక్కువ వచ్చే సూత్రం వాడుకుంటే వెరిఫికేషన్‌లో అది తప్పుడు సమాచారం అవుతుంది, ఆఫర్ రద్దు కావచ్చు. తమ విశ్వవిద్యాలయం మెమో మీద లేదా నిబంధనల్లో ఇచ్చిన సూత్రమే వాడాలి, ఆ కాగితం కాపీ దగ్గర పెట్టుకోవాలి.

కోర్సులు, ఇంటర్న్‌షిప్‌లు: సర్టిఫికెట్‌కు విలువ ఎప్పుడు

స్వయంలో ఐఐటీల వంటి సంస్థలు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు 4, 8, 12 వారాల్లో ఉంటాయి. వినడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టి కేంద్రానికి వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. ఉత్తీర్ణతకు అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా రావాలి. చాలామంది జారిపోయేది పరీక్షలో కాదు. మూడో వారంలో అసైన్‌మెంట్ గడువు మరిచిపోవడం, పరీక్షకు విడిగా నమోదు చేసుకోవాలని తెలియకపోవడం దగ్గర. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను స్వయం ద్వారా చేసుకోనివ్వవచ్చు. అయితే క్రెడిట్ బదిలీ కావాలంటే కోర్సు మొదలుకాకముందే విభాగం ఆమోదం తీసుకోవాలి. పూర్తయ్యాక తీసుకెళ్తే అది గోడకు తగిలించుకునే సర్టిఫికెట్‌గా మిగిలిపోవచ్చు.

రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020–21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది: రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండు నెలల స్వల్పకాలికం, ఆరు నెలల పూర్తి సెమిస్టర్. ఉద్దేశం మంచిదే. కానీ లక్షల మంది విద్యార్థులకు సరిపడా చోట్లు ఎక్కడా లేవు. ఆ ఖాళీని ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌లు నింపాయి. వీటిలో మూడు రకాలున్నాయి. వారం వారం పని ఇచ్చి, దిద్ది, ఫలితం నమోదు చేసేవి ఒకటి. వీడియోలు దొర్లించి చివర బటన్ నొక్కితే సర్టిఫికెట్ ఇచ్చేవి రెండోది. డబ్బు తీసుకుని తేదీలు కూడా అడిగినట్టు వేసి ఇచ్చే వ్యాపారం మూడోది, దాన్ని ఇంటర్న్‌షిప్ అనడం అన్యాయం. తేడా తెలుసుకునేందుకు ఒకే ప్రశ్న చాలు: పని ఎవరు చూస్తారు, తప్పైతే తిరిగి ఎవరు పంపుతారు? జవాబులో ఒక మనిషి హోదా లేకపోతే అది కోర్సు మాత్రమే.

2024 అక్టోబరులో పైలట్‌గా మొదలైన పీఎం ఇంటర్న్‌షిప్ పథకం వేరు. 21 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండి, పూర్తికాల చదువులో గానీ ఉద్యోగంలో గానీ లేనివారికి ఏడాది పాటు నెలకు రూ.5,000, ఒకసారి రూ.6,000 ఇచ్చేలా ఆ దశ నిబంధనలు పెట్టారు. డిగ్రీ చదువుతూ చేసేది కాదు గనుక కాలేజీ ఇంటర్న్‌షిప్‌కు ఇది బదులు కాదు. ఈ రెండూ కలిపేసుకుని దరఖాస్తు తిరస్కారం పొందేవారు ఉన్నారు.

లెక్క వేస్తే కెరీర్ సెల్‌కు ఎన్ని గంటలు కావాలి

ఆఖరి ఏడాదిలో 600 మంది ఉన్న కాలేజీ అనుకుందాం. ఒక్కొక్కరితో 20 నిమిషాల చొప్పున రెండుసార్లు ఆన్‌లైన్‌లో మాట్లాడాలంటే 400 గంటలు. రోజుకు అయిదు గంటలు, నెలకు 20 రోజులు కూర్చునే ఒక మనిషికి నాలుగు నెలల పని. జులైలో మొదలుపెడితే అక్టోబరు దాటుతుంది. పెద్ద డ్రైవ్‌లు చాలావరకు అప్పటికి మొదలైపోతాయి. పైగా చాలా కాలేజీల్లో ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అంటే పాఠాలూ చెప్పే అధ్యాపకుడే. కాలేజీ కెరీర్ పోర్టల్ కొన్నాక ఏం మారలేదన్న ఫిర్యాదు వెనక ఉన్నది ఈ లెక్కే. పోర్టల్ గంటలు పుట్టించదు.

దీన్ని తగ్గించే పద్ధతులు లేకపోలేదు. నోట్‌ప్యాడ్ పరీక్ష, పేర్ల సరిపోలిక, శాతం సూత్రం వంటివి ఆరో సెమిస్టర్‌కు ముందే ఒక ఫారంతో విద్యార్థులే పూర్తిచేసి పంపవచ్చు. అలా పంపినవారికే సమయం ఇవ్వాలి. ముప్పై మందిని ఒక కాల్‌లో కూర్చోబెట్టి, పేర్లు తీసేసిన మూడు రెజ్యూమెలను అందరి ముందు దిద్దితే మిగతా ఇరవై ఏడుగురూ సగం తప్పులు తామే దిద్దుకుంటారు. అప్పుడు ముఖాముఖి పది నిమిషాలకు తగ్గుతుంది. 600 మందికి ఒక్కోసారి చొప్పున 100 గంటలు, అంటే ఒక నెల. రెండో విడత మాటలు ఇంటర్వ్యూ పిలుపు రానివారితో మాత్రమే. ఎవరికి ఏం చెప్పారో ఒక షీటులో రాసిపెట్టకపోతే రెండో విడత కూడా మొదటిదే అవుతుంది.

సంభాషణ ఏ భాషలో అన్నది చిన్న విషయం కాదు. పాడేరు నుంచో పలాస నుంచో వచ్చి తెలుగు మీడియంలో చదివిన విద్యార్థి ఇంగ్లిషు కాల్‌లో “ఎస్ సార్” తప్ప మాట్లాడడు. సలహా చేరిందో లేదో చెప్పేవారికి తెలియదు. ప్రాజెక్టు గురించి ముందు తెలుగులో రెండు నిమిషాలు చెప్పించి రికార్డు చేయించి, తర్వాత అదే ఇంగ్లిషులో చెప్పించడం బాగా పనిచేసే పద్ధతి. తెలుగులోనే తడబడితే సమస్య విషయంలో ఉంది, ఇంగ్లిషులో మాత్రమే తడబడితే భాషలో ఉంది. రెంటికీ మందు వేరు.

పరీక్ష రోజు డేటా అయిపోతే

హాస్టల్ విద్యార్థుల ఫోన్లలో రోజుకు 1.5 లేదా 2 జీబీ ప్యాక్ ఉండటం మామూలు. గంట వీడియో కాల్‌కు సుమారు 1 జీబీ పోతుంది. పొద్దున మాక్ ఇంటర్వ్యూ చేసి, మధ్యాహ్నం కంపెనీ ఆన్‌లైన్ పరీక్షకు కూర్చుంటే కోటా అయిపోయి వేగం 64 కేబీపీఎస్‌కు పడుతుంది. కెమెరా చిత్రం ఆగిపోతే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ దాన్ని అనుమానంగా నమోదు చేయవచ్చు. హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్‌కు అదే సమయంలో కాల్ వస్తే లైన్ తెగే ప్రమాదం ఉంది. ల్యాప్‌టాప్‌లో వచ్చిపడే అప్‌డేట్ నోటీసు తెర మీదికి వచ్చినా కొన్ని పరీక్షలు దాన్ని ట్యాబ్ మార్చినట్టు లెక్కిస్తాయి. కాబట్టి ముందురోజే అప్‌డేట్లు పూర్తిచేసి, ఆ రోజుకు వేరే డేటా ప్యాక్ వేయించుకుని, హాట్‌స్పాట్ ఫోన్‌లో కాల్స్ ఆపుకోవాలి. ఏజెన్సీ ఊళ్ల నుంచి రాసేవారికి ఇవేవీ సరిపోవు. సిగ్నల్ ఉన్న ప్రభుత్వ కాలేజీ ల్యాబును ఆ నాలుగు గంటలు తెరిచి ఉంచడం లక్షల ఖరీదు చేసే పోర్టల్ కన్నా పనికొచ్చే సాయం.

ఆఫర్ వచ్చాక తేల్చుకోవలసినవి

2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కాంబోడియా వ్యవహారం ఈ ప్రాంతానికి బాగా గుర్తుంది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, డబ్బు తీసుకుని తీసుకెళ్లినవారిని కాంబోడియాలో సైబర్ మోసాలు చేయించే ముఠాలకు అప్పగించారు. ఆ యువకులు అడవిలోనో చీకట్లోనో దొరికినవారు కాదు. మామూలు ఉద్యోగ ప్రకటన చూసి, మామూలు ఏజెంటుతో మాట్లాడినవారే. టూరిస్టు వీసా మీద ఉద్యోగం అన్నమాట వినిపిస్తే అక్కడితో ఆగాలి. విదేశీ కొలువు ఇప్పించే ఏజెంటు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సుతో కనిపించాలి. అతను తీసుకోగల సేవా రుసుముకు రూ.30,000, దానిమీద జీఎస్టీ అనే పరిమితి ఉంది.

దేశంలోని ఆఫర్లకు చూడాల్సినవి కొన్ని. మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందా, లేక పేరులో ఒక అక్షరం మార్చిన ఉచిత మెయిల్ నుంచా? కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో ఆ పేరు మీద 21 అక్షరాల సీఐఎన్ (కంపెనీ గుర్తింపు సంఖ్య) ఉందా? పేరున్న కంపెనీ అయితే దాని కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందా? ల్యాప్‌టాప్ డిపాజిట్, శిక్షణ ఫీజు, “తర్వాత తిరిగి ఇచ్చే” సెక్యూరిటీ పేరుతో డబ్బు అడిగితే పేరు ఏదైనా అది ఉద్యోగం కాదు. ఇంటర్వ్యూకు ముందే పూర్తి ఆధార్ కాపీ ఎవరూ అడగనక్కర్లేదు. గుర్తింపు తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు.

డబ్బు పోయాక గంటలు ముఖ్యం, ఎందుకంటే అది ఒక ఖాతా నుంచి ఇంకోదానికి వేగంగా మారిపోతుంది, మారకముందే ఆపితేనే దొరుకుతుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేటప్పుడు పంపిన ఖాతా లేదా యూపీఐ ఐడీ, లావాదేవీ నంబరు, మొత్తం, తేదీ, సమయం చేతిలో ఉండాలి. ఆ తర్వాత చాట్ స్క్రీన్‌షాట్లు, ఆఫర్ లెటర్ పీడీఎఫ్‌తో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. సిగ్గుపడి చాట్ చెరిపేసేవారే ఎక్కువ. చెరిపేస్తే ఫిర్యాదులో చూపడానికి ఏమీ మిగలదు.